బోడి బండి

మొన్న కంచరపాలెంలో ఒక మెకానిక్ షెడ్డు ముందు ఒకాయన పాత మోటారు సైకిలుకి ముందు అద్దం, కాళ్ళ గార్డులు, పక్క పెట్టె అన్నీ ఊడదీయించి, మిగిలిన బండి చుట్టూ తిరుగుతూ మురిసిపోతున్నాడు. ఇప్పుడు ఇదే ఫ్యాషనట. దానికి ఇంగ్లీషులో ఏదో ముద్దు పేరు కూడా ఉందట. మా రోజుల్లో దాన్ని బోడి బండి అనేవాళ్ళం. అది మెచ్చుకోలు కాదు. అలాంటి బండి మీద తిరిగిన మనిషిని నేనొకణ్ణి ఎరుగుదును. అతను ఫ్యాషను కోసం ఊడదీయించలేదు. ఆ షెడ్డు ముందు ఇంక నిలబడబుద్ధి కాక ఇంటికొచ్చేశాను.

అతని పేరు రాయను. ఆ ఇంటికి జరిగిన అన్యాయమంతా పేరు దగ్గరే జరిగింది. మళ్ళీ నా చేత్తో ఆ పేరు కాగితం మీద పెట్టడం నాకిష్టం లేదు.

ఎనభైల మొదట్లో నేను ఒక కంట్రాక్టరు దగ్గర స్టోర్సు గుమాస్తాని. ఉక్కు ఫ్యాక్టరీ అప్పటికింకా ఫ్యాక్టరీ కాదు. గోతులు, ఇనప చువ్వలు, సిమెంటు దుమ్ము. మా ఆఫీసు గేటుకి లోపల, టీ కొట్టు గేటుకి బయట. అతను నాకు పరిచయమైంది ఆ టీ కొట్టులోనే. పగలంతా పోర్టులో ఇనప ఖనిజం ఎత్తే చోట రోజుకూలీకి పనిచేసి, సాయంత్రం ఇటు వచ్చేవాడు. చెవుల్లోనూ కనుబొమల్లోనూ గోళ్ళ కిందా ఎర్ర దుమ్ము. ఎంత కడుక్కున్నా అది పోదు. అతను పట్టుకున్న టీ గ్లాసు మీద వేళ్ళ ముద్రలు ఎర్రగా పడేవి. కొట్టువాడు విసుక్కుంటే, ఇనుము ఒంటికి మంచిదేనని డాక్టర్లే చెబుతున్నారు కదా అని నవ్వేవాడు.

కొట్టు ముందు బల్ల మీద గేటు వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. గేటు దాటి మాత్రం ఒక్కనాడూ లోపలికి రాలేదు. లోపల కూలి పనులు బోలెడున్నాయి, పోర్టుకంటే దగ్గర, మా కంపెనీలోనే పెట్టిస్తాను రమ్మని నేనే అడిగాను.

"పిలిస్తేనే ఎల్తాను బావ" అన్నాడు. "ఉజ్జోగం ఇచ్చి పిలవాల. ఊరికే దూరిపోతే దొంగతనంగా ఎల్లినట్టుంటాది."

ఆ లోపలి నేలలో కొంత వాళ్ళది. ఫ్యాక్టరీ కోసం ఎత్తేసిన ఊళ్ళలో అతని ఊరొకటి. జనాన్ని తీసుకుపోయి దూరంగా ఒక కాలనీలో పడేశారు. పోయిన భూమికి పరిహారం, ఇంటికొక ఉద్యోగం అన్నారు. ఆ ఒక్క ఉద్యోగం కోసం కాలనీలో ప్రతి ఇల్లూ గుమ్మం వైపు చూస్తూ బతికేది. వాళ్ళింట్లో ఆ ఉద్యోగానికి ఇతని పేరే ఇచ్చారు, పెద్దకొడుకు కాబట్టి. తర్వాత ఒక తమ్ముడున్నాడు, బాగా చిన్నవాడు. అప్పటికి ఫిట్టరు పని నేర్చుకుంటున్నాడు.

నన్ను బావ అనేవాడు. నేను వన్ టౌన్ క్రైస్తవుణ్ణి. మాకూ వాళ్ళకీ ఏ చుట్టరికమూ లేదు. ఆ ప్రాంతం వాళ్ళకి నచ్చినవాడల్లా బావే. నచ్చనివాడూ బావే, గొంతు మారుతుందంతే.

పరిహారం చేతికొచ్చిన కొత్తల్లో కాలనీ కుర్రాళ్ళంతా బళ్ళు కొన్నారు. వాళ్ళని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. దున్నడానికి నేల లేదు, వెళ్ళడానికి ఉద్యోగం లేదు, తిరగడానికి రోడ్డు మాత్రం వేశారు. బండి కొనక ఏం చేస్తారు? ఇతను మాత్రం ఏళ్ళ తరబడి ఊరుకున్నాడు. చివరికి పోర్టుకీ కాలనీకీ మధ్య బస్సుల మీద వేలాడలేక, తనూ ఒక బండి తీసుకుంటానన్నాడు. బళ్ళ సంగతి తెలిసినవాణ్ణని నన్ను వెంటబెట్టుకున్నాడు. నాకప్పుడు బళ్ళ పిచ్చి. పెళ్ళిచూపులకి వెళ్ళి పిల్లని చూడకుండా వాకిట్లో ఉన్న మామగారి మోటారు సైకిలుని చూస్తూ కూర్చున్న ఘనుణ్ణి. ఇప్పటికీ మా ఆవిడ ఆ మాట ఎత్తుతూనే ఉంటుంది.

ముందు ద్వారకా నగర్ షోరూముకి తీసుకెళ్ళాను. జపాన్ బళ్ళు అప్పుడే దిగాయి. తాకితే పరిగెత్తేలా ఉన్నాయి. నేనొకటి అప్పటికే కొనేశాను కాబట్టి ఇంకొకడి చేత కూడా కొనిపించాలని నాకు మహా తొందర. అతను చుట్టూ తిరిగి, పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి వేశాడు. నిగనిగలాడే రంగు మీద అయిదు వేళ్ళూ ఎర్రగా పడ్డాయి. షోరూము కుర్రాడు మొహం చిట్లించి గుడ్డ తీశాడు. అతను ఆ ముద్రలు చూసి అన్న మాట నాకింకా చెవిలో ఉంది.

"మన మట్టి ఓడల్లో అటెల్తాది, ఆళ్ళ బళ్ళు ఇటొత్తాయి. మద్దిని మనకి దుమ్ము."

ఇది నచ్చలేదు సరే అని, ఇంకో కొట్టులో పెద్ద బండి చూపించాను. రెండు సైలెన్సర్లు, సింహంలా కూర్చుంది. స్టార్టు చేయించి దాని మీద కాసేపు కూర్చున్నాడు. సప్పుడెక్కువ బావ, ఎవరైనా ఎనకనించి పిలిస్తే ఇనబడదు అన్నాడు. నిన్నెవడు పిలుస్తాడయ్యా అన్నాను. ఏమో, పిలవొచ్చు అన్నాడు.

నా బండికి చైను బిగించాల్సి ఉండి, తిరుగు దారిలో కంచరపాలెంలో సాయిబు గారి షెడ్డు దగ్గర ఆగాం. పాత బస్తీ మనిషి, గెడ్డం నెరిసిన మెకానిక్కు. అక్కడ ఒక మూల, గోడకానుకుని ఒక పాత బండి ఉంది. ఒకే సిలిండరు. ముందు ఇంత వెడల్పు గాలి అద్దం, కాళ్ళకి గార్డులు, పక్కన ఇనప పెట్టె, దాని మీద వెలిసిపోయిన ఎర్ర అక్షరాలు. అతను నాతో ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. తిన్నగా వెళ్ళి ట్యాంకు మీదున్న సొట్టలో బొటనవేలు పెట్టాడు.

"ఇది కావాల" అన్నాడు.

అమ్ముకోవాల్సిన సాయిబు గారే వద్దన్నాడు. "వద్దు భాయ్, దీనికి దమ్ లేదు. ఎత్తు ఎక్కదు. వర్షంలో మొరాయిస్తుంది. నీ డబ్బు ఖరాబు." నేనూ వద్దన్నాను. వద్దనడమేమిటి, నడిరోడ్డు మీద పోట్లాడాను. పొద్దున్నుంచి నా పని మానుకుని తిప్పింది ఈ తుక్కు కోసమా అని. అతను నా మాట విన్నట్టే లేడు. కొన్నాడు. కొన్న తర్వాత ఇంకో విడ్డూరం. గాలి అద్దం పీకెయ్యమన్నాడు. గార్డులు తియ్యమన్నాడు. పెట్టె కూడా. అన్నం డబ్బా పెట్టుకోవడానికి పనికొస్తుంది కదా, పెట్టె ఉంచుకో అని సాయిబు గారు ఎంత చెప్పినా వినలేదు. ఆ పెట్టెని వేళ్ళకి అంటకుండా కాలితో షెడ్డు మూలకి నెట్టాడు. అన్నీ పోయాక, హారన్ ఒకటి పని చేస్తోందా లేదా అని నాలుగుసార్లు కొట్టి చూసుకున్నాడు.

అలా వచ్చింది బోడి బండి. టీ కొట్టు దగ్గర దాన్ని ఏడిపించనివాడు లేడు. పుష్కరాలకెళ్ళి గుండు చేయించుకొచ్చిందా అని ఒకడు, ముందు చక్రానికి పంచె కట్టమని ఒకడు. కాలనీ కుర్రాళ్ళు జపాన్ బళ్ళ మీద రయ్యిమని అతన్ని దాటిపోతూ కాళ్ళు చాపేవాళ్ళు. అతనికి కోపం రాదు. సీటు తుడుచుకుని కూర్చుని, రెండు మూడు తన్నులు తన్ని, దగ్గుకుంటూ లేచిన ఇంజనుకి కాసేపు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చి, అప్పుడు బయల్దేరేవాడు. వెనక సీటు మీద ఎవరినీ ఎక్కించుకునేవాడు కాదు. నన్ను కూడా. ఒకసారి నా బండి పంచరై, జంక్షను దాకా దింపమంటే, ఇద్దరిని లాగదు బావ అని మొహం మీదే చెప్పి వెళ్ళిపోయాడు. కట్టుకున్న భార్య కూడా ఆసుపత్రికి బస్సులోనే వెళ్ళేది. ఇంత చోద్యపు మనిషిని నేను చూడలేదనుకున్నాను.

అన్నిటికంటే చోద్యం ఆ హారన్. గేటుకి వచ్చే కొత్త రోడ్డు మీద ఒకచోట చిన్న వంపుంది. అటూ ఇటూ ఎర్రమట్టి, ఒక్క చెట్టు లేదు, ముందు అర మైలు కనబడుతుంది. అక్కడ బండి వేగం తగ్గించి, హారన్ కొట్టి, మెల్లగా దాటి, మళ్ళీ వేగం అందుకునేవాడు. వచ్చేటప్పుడూ అంతే, వెళ్ళేటప్పుడూ అంతే. టీ కొట్టులో కూర్చున్న మాకు దూరంగా ఆ హారన్ వినిపించేది. అదిగో బోడి బండి వస్తోంది అని కొట్టువాడు గ్లాసు కడిగేవాడు.

ఒక వాన సాయంత్రం కొట్టు రేకు కింద ఇద్దరమే చిక్కుకున్నాం. బండి బయట తడుస్తోంది. ట్యాంకు మీద సొట్టలో నీళ్ళు నిలబడ్డాయి. ఆ సొట్ట ఎవరు చేశారో తెలుసా అని తనే మొదలెట్టాడు. వాళ్ళ గేదె.

ఊరు పోకముందు, భూములు కొలవడానికి వచ్చిన సర్వేయరు బండి అది. రోజూ దాన్ని వీళ్ళింటి గోడకి ఆనించేవాడు, ఊళ్ళో నీడ ఉన్న గోడ అదొక్కటేనని. ఒకనాడు గేదె ఒళ్ళు రుద్దుకుని పడేసింది. సర్వేయరు తిట్టలేదు, నవ్వాడు. చిన్న వయసు, కొత్తగా పెళ్ళయినవాడు. పక్క పెట్టెలోంచి గొలుసూ జెండాలూ తీసి పగలంతా కొలవడం, ఎండ నెత్తికెక్కాక వీళ్ళింటికొచ్చి అన్నం తినడం. ఇతని తల్లి ఆయనకి చేపల పులుసు వండి పెట్టేది. తన భూమి పట్టుకుపోవడానికి వచ్చినవాడికి వండి పెట్టడమేమిటని నేను అడ్డం తగిలాను. ఆకలితో వచ్చినోడిని ఏ పని మీద వచ్చావని అడుగుతామా అన్నాడు.

"ఆకర్రోజు మా వాకిట్లో నిలబడి కళ్ళంట నీళ్ళెట్టుకున్నాడు బావ. నీ ఉజ్జోగం నా పూచీ, ఆ కబురు నానే తెత్తాను, ఈ బండి మీదే ఒత్తాను అన్నాడు. ఆడు మంచోడే. మా ఇంట తిన్నోడు మాట తప్పడు. బదిలీ మీద ఎల్పోనాడు గావాల. బండి మట్టుకు నా కాడికొచ్చీసింది. ఇంక కబురే రావాల."

నవ్వుతూ అన్నాడో నిజంగా అన్నాడో నాకు తెలియలేదు. మరి ఆ పెట్టె ఎందుకు పారేశావని అడిగాను. మొహం మారిపోయింది.

"మా ఊరంతా కాయితమ్మీద గీసి, సుట్ట సుట్టి, ఆ పెట్టెలోనే పెట్టి పట్టుకెల్పోనాడు. అది నాకెందుకు?"

హారన్ సంగతి కూడా అప్పుడే చెప్పాడు. ఆ వంపు వాళ్ళ వీధి మలుపు. అక్కడ వాళ్ళ గోడ అడ్డం. గోడ వెనకనుంచి పిల్లలు ఒక్క పరుగున వచ్చేస్తారు, బండివాడికి కనబడరు. అందుకని సర్వేయరు కూడా అక్కడ హారన్ కొట్టి వచ్చేవాడట. ఆ హారన్ వినబడగానే తల్లి పొయ్యి మీద ఎసరు పెట్టేదట. మర్నాటి నుంచి దూరంగా ఆ హారన్ వినిపించినప్పుడు నాకు నవ్వు రాలేదు.

అయితే రోజులు ఊరుకోవు కదా. ఉద్యోగానికి వయసు హద్దుంది. కాలనీలో ఒక్కొక్కరికీ పిలుపు వస్తోంది, ఇతనికి రాదు. తమ్ముడు ఫిట్టరు చదువు పూర్తి చేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. కాలనీ పెద్దలు చెప్పారు, నీకు వయసు మీదపడుతోంది, ఇంకా హద్దు దాటకముందే నీ పేరు తీయించి తమ్ముడి పేరు పెట్టించు, వాడికి చేతిలో పని కూడా ఉంది, తప్పకుండా వస్తుందని. వినలేదు. చివరికి అతని భార్య నాకు కబురు పెట్టింది, అన్నయ్యా, మీరు చెబితే వింటారేమో అని. ఒక ఆదివారం చర్చి నుంచి అటే వెళ్ళాను.

అదొక ఇరుకిల్లు. బోడి బండి గుమ్మానికి ఎదురుగా ఉంది, మూతి వీధి వైపు. తమ్ముడు గడప దగ్గర కూర్చుని ఏదో తాళం కప్పని విప్పి బిగిస్తున్నాడు, తలెత్తడు. నేను అన్ని విధాలా చెప్పాను. ఉద్యోగం ఇంటికి కదయ్యా, నీకు కాదు కదా అన్నాను. అతను నేల చూస్తూ విన్నాడు.

"ఆడు నా పేరు సెప్పి మాటిచ్చాడు బావ. నాను పేరు మార్సీసినాక ఆడొచ్చి, నీ కోసం ఇన్నాళ్ళూ తిరిగాను, నువ్వు నన్ను నమ్మనేదా అంటే ఏటి సెప్పాల?"

మాట ఇచ్చినవాడు మర్చిపోయి హాయిగా ఉంటే, పుచ్చుకున్నవాడు తనెక్కడ మాట తప్పుతానోనని భయపడుతున్నాడు. అతని భార్య లోపలి నుంచి అంది, గొంతు పెంచకుండానే.

"ఆయనొచ్చినా రాపోయినా నీ వయసు ఆగదు కదా."

అతను లేచి బయటికెళ్ళి బండి తుడవడం మొదలెట్టాడు. తమ్ముడు అప్పటికీ తలెత్తలేదు. నేను ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగి వచ్చేశాను. దారంతా తిట్టుకున్నాను, అతన్ని, ఆ సర్వేయరుని, గేదెని, అందరినీ.

ఆ తర్వాత కొన్ని నెలలకి, అతని బండికి క్లచ్ ప్లేట్లు కావాలంటే ఇద్దరం ఎవరి బండి మీద వాళ్ళం ద్వారకా నగర్ వెళ్ళాం. సామాను కొని బయటికొచ్చేసరికి, పక్క మిఠాయి కొట్టులోంచి ఒకాయన పొట్లం పట్టుకుని దిగుతూ, బోడి బండి దగ్గర ఆగిపోయాడు. కాస్త లావెక్కిన మనిషి, ఇస్త్రీ చొక్కా. వంగి సొట్ట చూశాడు. మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది.

"అరే, ఇది నా బండే!" అన్నాడు. "ఈ సొట్ట చూడండి, ఏదో పల్లెటూళ్ళో గేదె పడేసింది."

నేను ఇతని వైపు చూశాను. చేతిలో క్లచ్ ప్లేట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మనిషి రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన ఇతన్ని చూశాడు, తేరిపార చూశాడు. గుర్తుపట్టలేదు. లీటరుకి ఎంత ఇస్తోందని అడిగాడు. నలభై ఇత్తంది సార్ అన్నాడు ఇతను. అబ్బో, నాకు ఎప్పుడూ అంత ఇవ్వలేదే అని ఆయన నవ్వాడు. నేను ఆగలేక, ఈయనది ఫలానా ఊరండీ, మీరు అక్కడ కొలతలకి వచ్చారట అన్నాను. అలాగా, అప్పట్లో చాలా ఊళ్ళు కొలిచామండీ, ఎండలో ప్రాణం పోయిందనుకోండి అన్నాడాయన. అబద్ధం కాదు. దాచడమూ కాదు. నిజంగానే గుర్తులేదు. దాచి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు.

ఆయన చేతి గడియారం చూసుకుని, బస్సుల కాంప్లెక్సుకి వెళ్ళాలి, బస్సు పోతుందన్నాడు. అప్పుడు ఇతను నోరు విప్పాడు.

"రండి సార్, దింపుతాను."

భార్య ఎక్కని సీటు. నేను ఎక్కని సీటు. ఆయన మిఠాయి పొట్లం ఒళ్ళో పెట్టుకుని దాని మీద ఎక్కి కూర్చున్నాడు. బండి ఒకసారి మూలిగి, ఇద్దరినీ లాక్కుని వెళ్ళిపోయింది. కాంప్లెక్సు అక్కడికి ఎంతో దూరం లేదు. నడిస్తే కాళ్ళు నొప్పి పుట్టవు. అయినా అతను తిరిగొచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఏమడిగావు, ఏమన్నాడు అని నేను మీద పడ్డాను. అతను బండి స్టాండు వేసి, హ్యాండిలు మీద, గాలి అద్దం ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఏటీ అడగనేదు బావ. అడుగుదామనే ఎక్కించాను. ఎనకోడితో మాటాడితే గాలికి కొట్టుకుపోతంది. అద్దం ఉంటే ఇనబడును గావాల."

దిగాకైనా అడగలేకపోయావా అన్నాను.

"దిగినాక ఆడే అడిగాడు. పక్కనో పెట్టుండాల, మంచి పెట్టి, ఏటి సేసేవు అన్నాడు."

మర్నాడు పనికి పోకుండా ఫ్యాక్టరీ వాళ్ళ భూముల ఆఫీసుకి వెళ్ళాడు, తన పేరు తీసి తమ్ముడి పేరు పెట్టమని. వయసు హద్దు అప్పటికే దాటిపోయింది. దాటకముందు వచ్చి ఉంటే అయ్యేది, దాటిన తర్వాత పేరుతో పాటే ఆ ఇంటికి రావాల్సిన ఉద్యోగం హక్కు కూడా పోతుందన్నారు. ఎవరికి చెప్పుకున్నా అదే మాట. నేనూ మా కంపెనీ మేనేజరు చేత ఒకరిద్దరికి చెప్పించి చూశాను. ఏమీ కాలేదు. ఒక మనిషి మాటని నమ్మినందుకు ఒక ఇంటికి ఇంత శిక్ష వేయొచ్చునని నాకప్పుడే తెలిసింది.

తమ్ముడు అన్నని ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది. మా కంపెనీలోనే రోజుకూలీ ఫిట్టరుగా చేరాడు. ఉద్యోగిగా వెళ్ళాల్సిన గేటులోంచి కూలీగా వెళ్ళి వచ్చేవాడు. సాయంత్రం గేటు లోంచి బయటికొస్తే ఎదురుగా టీ కొట్టే. అందుకని అతను కూర్చునే తీరు మారిపోయింది. గేటుకి వీపు పెట్టి కూర్చోవడం మొదలెట్టాడు. తమ్ముడు వెనకనుంచి నడిచి బస్సు ఎక్కేవాడు. ఒకే ఇంటికి వెళ్ళే ఇద్దరు మనుషులు, ఒకడు బస్సులో, ఒకడు బండి మీద. కొట్టువాడు కూడా ఏడిపించడం మానేశాడు. వంపు దగ్గర హారన్ మాత్రం మానలేదు.

ఖనిజం దుమ్ము లోపలికి వెళ్ళి ఏం చేసిందో, దగ్గు పట్టుకుంది. బండి స్టార్టు చేసేటప్పుడు ఎవరు దగ్గుతున్నారో తెలిసేది కాదు. ఎనభైలు ఇంకా పూర్తికాలేదు, ఒక వారం పాటు ఆ హారన్ వినిపించలేదు. కొట్టువాడు కడిగిన గ్లాసు అలాగే పెట్టి నా వైపు చూశాడు. పెద్దాసుపత్రిలో పోయాడని తమ్ముడే వచ్చి చెప్పాడు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి తమ్ముడు ఆ బండి అమ్మేశాడు. కొన్నది మా కంపెనీలో కొత్తగా చేరిన సూపర్‌వైజరు, బెజవాడ వైపు మనిషి, సైటులో తిరగడానికి చవగ్గా ఏదో ఒకటి కావాలన్నాడు. అప్పుడే అంత తొందరేమిటని తమ్ముణ్ణి నిలదీశాను.

"అది గుమ్మంలో ఉన్నన్నాళ్ళూ మా వొదిన కబురొత్తాదనే సూత్తంది" అన్నాడు.

తర్వాత ఒకరోజు పొద్దున్న నా బండి మొరాయించింది. జంక్షను దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే, సూపర్‌వైజరు ఆ బండి మీదే వచ్చి ఆగాడు. ఎక్కండి గురువుగారూ అన్నాడు. నేను ఆ వెనక సీటు మీద కూర్చోవడం అదే మొదటిసారి. మరీ మెత్తగా ఉంది. ఎవరూ కూర్చోని సీటు కదా, అరగలేదు. కొత్త రోడ్డు ఎక్కాం. దూరం నుంచే వంపు కనిపించింది. నాకు తెలియకుండానే ముందుకి వంగి, కాస్త మెల్లగా, హారన్ కొట్టండి అన్నాను. గాలికి అతనికి వినబడలేదు. మళ్ళీ గట్టిగా అరిచి చెప్పాను.

"ఎందుకండీ?" అని అతను తల తిప్పి నవ్వాడు. "ఎవరున్నారిక్కడ?"

బండి అదే వేగంతో వంపు దాటేసింది. గేటు వచ్చింది. అతను హెడ్‌లైటు మీద అంటించిన పాసుని సెక్యూరిటీ వాడు చూశాడు, గేటు అడ్డకర్ర పైకెత్తాడు. ఆగమని కూడా అనలేదు. బండి లోపలికి వెళ్ళిపోయింది.